పెట్టెలవాళ్లమ్మాయి నర్సు చదువు

ఎల్మ్‌స్ట్రాండ్ ఊళ్లో రస్టాడ్ వాళ్ల నల్లకారు ఎవరి ఇంటిముందు నెమ్మదించినా, ఆ ఇంట్లోని ముసలివాళ్లు గబగబా వరండాలోకి వచ్చి, తాము ఇంకా బతికే ఉన్నామని చేతులూపి చూపించేవారు. దారికి ఉడుత అడ్డం వచ్చింది కాబట్టి కారు ఆగిందంటే ఎవరూ నమ్మేవారు కాదు. మూడు తరాలుగా ఆ ఊరివాళ్లని కడిగి, మంచి బట్టలు తొడిగి, తల దువ్వి, శవపెట్టెలో పడుకోబెట్టి సాగనంపిన ఇల్లు అది. ఊరందరికీ ఉన్న గట్టి నమ్మకాలు రెండే రెండు. చలికాలం సరస్సు గడ్డకట్టక మానదు, రస్టాడ్ వాళ్లు పొరపాటు చెయ్యరు.

ఆ ఇంటి పెద్దకూతురు సిగ్ని. నలభై దాటిన మనిషి. ఒడ్డూ పొడుగూ ఉన్నా నడిస్తే పిల్లి నడిచినట్టుండేది. గొంతు అంతకన్నా మెత్తన. మిన్నెసోటాలో ఆ పని చెయ్యాలంటే నాలుగేళ్ల డిగ్రీ ఉండి తీరాలి. అది చదువుకుని వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఆమె చేతిలో పడ్డవాళ్లు బతికున్న రోజుల్లోకంటే చక్కగా కనిపిస్తారని పేరు. ఒకావిడ పెట్టెలో ఉన్న మొగుణ్ణి చూసి, "ఈయన ఇంత బాగుంటాడని తెలిస్తే ఇన్నేళ్లు వేరే గదిలో పడుకునేదాన్నా?" అని కళ్లొత్తుకుందట. ఆ మాట సిగ్నికి ఎవరూ ఇవ్వని బంగారు పతకం.

అలాంటి మనిషికి ఒక మార్చి నెలలో మనసు మారింది. మూడో తరగతిలో తనకి లెక్కలు నేర్పిన టీచరమ్మ పోయి సిగ్ని బల్లమీదికి వచ్చింది. మేజోళ్లు తొడుగుతుంటే మడమల మీద పుళ్లు కనిపించాయి. వృద్ధాశ్రమంలో కదలకుండా వెల్లకిలా పడుకుని పడుకుని పడ్డ పుళ్లు. సిగ్ని మేజోడు చేత్తో పట్టుకుని వాటిని లెక్కపెట్టింది. రెండు గంటలకోసారి ఎవరైనా వచ్చి ఈవిడని పక్కకి తిప్పి ఉంటే చాలు. పెద్ద వైద్యం కాదు, మందు కాదు, ఒక మనిషీ రెండు చేతులూ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మాట బయటపెట్టింది.

"నాన్నా, నేను నర్సింగ్ చదువుతాను. ఇదివరకే డిగ్రీ ఉన్నవాళ్లకి తొందరగా అయిపోయే కోర్సు ఉంది. పాఠాలన్నీ కంప్యూటర్లోనే. ఏడాదిన్నర కూడా పట్టదు."

తమ్ముడు ట్రిగ్ చెంచా దించాడు. "అక్కా! అంటే అవతలి జట్టులో చేరుతున్నావన్నమాట."

"అవతలి జట్టేమిట్రా?"

"వాళ్లు గెలిచిన రోజు మనకి పనుండదు కదా."

తండ్రి మిల్టన్ బఠాణీ సూప్ మీద నుంచి తలెత్తలేదు. ఇంట్లో కూడా టై విప్పని మనిషి ఆయన. "ఎవరు ఎన్ని ఆటలు గెలిచినా చివరి ఆటకి మన దగ్గరికే వస్తారు" అన్నాడు. ఆ మీదట, "ఇక్కడ నీకు లోటేమొచ్చింది తల్లీ?" అని అడిగాడు.

"నేను అందర్నీ ఆలస్యంగా కలుస్తున్నాను నాన్నా."

మిల్టన్ రొట్టెకి వెన్న రాసుకున్నాడు. "సరే. నీ చోటు ఖాళీగానే ఉంచుతాను. తిరిగొస్తావు" అన్నాడు. వాళ్లింట్లో ఎవరూ గొంతెత్తరు. అంతకంటే పెద్ద పోట్లాట ఆ గోడలు చూసి ఎరగవు.

పాత డిగ్రీలో చదివిన రసాయన శాస్త్రం, సూక్ష్మజీవుల పాఠాలు కాలం చెల్లాయన్నారు. సిగ్ని మళ్లీ చదివి పాసయింది. అప్పుడు అసలు కోర్సు మొదలైంది. అది చదువు కాదు, కొండవాగు. సోమవారం గుండె, బుధవారం మూత్రపిండాలు, శుక్రవారం పరీక్ష. మరుసటి సోమవారానికి ఊపిరితిత్తులు తలుపు తడుతుండేవి. ఈ తొందర చదువులో ఒక్క మెట్టు జారితే మళ్లీ ఎక్కడానికి రెండో నిచ్చెన ఉండదు. జారినవాడి సీటు మరొకడికి పోతుంది.

ఇంట్లో ఇంటర్నెట్ బాగా అందే చోటు ఒకటే, పెట్టెలు అమ్మకానికి పెట్టిన హాలు. సిగ్ని అక్కడే బల్ల వేసుకుంది. మొదటిరోజు తెరమీద తోటి విద్యార్థులంతా తలా ఒక చిన్న గడిలో ప్రత్యక్షమయ్యారు. ఒకడు బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చాడు, ఇంకొకతె వయొలిన్ పంతులమ్మ. టూసన్ నగరంలో ఉండే రమోనా కేకులు చేసే మనిషి. నోరు ఊరుకోనిది.

"సిగ్నీ, నీ వెనకాల ఆ చెక్కపని భలే ఉందే! ఎక్కడ కొన్నావ్ ఆ బీరువాలు?"

"కొనలేదు. మేం అమ్ముతాం."

"మూత పైకి తెరుచుకునే రకమా?"

"అవును. ఒక్కసారే మూస్తాం."

తెరలోని గడులన్నీ ఒక్క క్షణం బొమ్మల్లా బిగుసుకుపోయాయి. నెట్ పోయిందేమోనని పంతులుగారు తన కంప్యూటర్ని రెండు తట్లు తట్టారు.

డులూత్ నగరంలో చేతిపని నేర్పే శని, ఆదివారాలు వచ్చినప్పుడు సిగ్నిని మించినవాళ్లు లేరు. అక్కడ రోగులు రబ్బరు బొమ్మలు. పడుకోబెట్టు, తిప్పు, తుడువు, దుప్పటి మార్చు. బ్యాంకు ఉద్యోగి బొమ్మని మంచం మీద నుంచి కింద పడేసి దానికి క్షమాపణ చెబుతున్న వేళకి, సిగ్ని తన బొమ్మకి కాలర్ కూడా సర్దేసింది. "ఇంత నెమ్మదైన చేతులు నేను చూడలేదు" అని మెచ్చుకున్నారు పంతులుగారు. బొమ్మ మాట్లాడదు కాబట్టి ఎవరికీ అసలు సంగతి తట్టలేదు.

ఆన్‌లైన్ చదువులో ఒక సుఖం ఉంది. ఆసుపత్రి పని నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలోనే వేస్తారు. అందరికీ సుఖమే. సిగ్నికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎల్మ్‌స్ట్రాండ్ ఆసుపత్రి. ఆ మంచాల మీద ఉన్నవాళ్లందరికీ ఆమె ఎవరో తెలుసు. అందులో సగంమంది తమ అంత్యక్రియల ఏర్పాట్లు ముందే ఆమె దగ్గర మాట్లాడి పెట్టుకున్నవాళ్లు.

మొదటిరోజు పొద్దున నీలం బట్టల్లో, అలవాటైన మెత్తని అడుగులతో, ఒకావిడ గదిలోకి వెళ్లింది. ఆవిడ కళ్లు తెరిచి చూసి దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

"అమ్మాయ్, నేను తుంటి ఎముక కోసం వచ్చాను. అంతే! డాక్టర్నడుగు!"

రెండో గదిలో ఉన్నాయన, "నా కొలతలు మీ నాన్న దగ్గరున్నాయి, మళ్లీ తీసుకోనక్కర్లేదు" అన్నాడు. మూడో గదిలో ఉన్నాయన ఏమీ అనలేదు, సెల్‌ఫోన్లో లాయరుకి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో ఆమెకి పని నేర్పే నర్సు డార్లా బోల్యు. పక్కనే ఆదివాసులకి కేటాయించిన రిజర్వేషన్ ప్రాంతంలో పుట్టిన ఒజిబ్వే తెగ మనిషి. ఆవిడ నవ్వితే రెండు గదుల అవతల బీపీ పెరిగేది. సిగ్ని నడక చూసి, "నువ్వు వచ్చినట్టు చప్పుడే కాదు. వెనక్కి తిరిగితే ఉంటావు. నాకే దడ పుడుతోంది, వాళ్లకి పుట్టదా? కాస్త ఈడ్చుకుంటూ నడు" అంది. సిగ్ని చెప్పులు ఈడ్చడం మొదలుపెట్టింది. అప్పుడు మునుపటికన్నా భయంగా ఉందన్నారు.

ఇక అసలు కథ పదకొండో గదిలో జరిగింది.

ఆ గదిలో ఐవర్ నెట్‌లాండ్. ఎనభై దాటిన బ్రహ్మచారి. సరస్సు మీద బతుకంతా చేపలు పట్టినవాడు. న్యుమోనియాతో వచ్చి, మందులు పడి కోలుకుంటున్నాడు. సిగ్ని ఆయనకి వేడినీళ్లతో ఒళ్లు తుడిచింది. హాయిగా ఉండి ముసలాయన అలాగే నిద్రపోయాడు. ఆమె దుప్పటి ముడతలు తీసి ఛాతీ దాకా కప్పింది. తల తడిపి పాపిడి తీసి దువ్వింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. కిటికీ తెర సగం దించింది. చివరికి ఆయన రెండు చేతులూ ఛాతీ మీదికి తెచ్చి, ఒకదానిమీద ఒకటి చక్కగా పెట్టి వెళ్లింది. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం మాత్రం తియ్యలేదు. అది కొత్త చదువు. మిగతాదంతా పాత చదువు.

కాసేపటికి ఐవర్ చెల్లెలు ఆర్డిస్ వచ్చింది. చేతిలో వేడివేడి హాట్‌డిష్. కింద మాంసం, పైన వరసగా పేర్చిన బంగాళదుంప ముక్కలు. గుమ్మంలో నిలబడి మంచం వంక చూసింది. ఆ పాపిడి చూసింది, ఆ చేతులు చూసింది.

"అయ్యో నా అన్నయ్యా!"

గాజు పళ్లెం నేలమీద బద్దలైన చప్పుడుకి ఐవర్ ఉలిక్కిపడి లేచాడు.

"ఏమిటే ఆ చప్పుడు? ఏం పడేశావు?"

"నువ్వు... నువ్వు పోయావనుకున్నాను!"

"దుంపలు పోయినట్టున్నాయి, నేను కాదు" అంటూ ఐవర్ కిందికి చూశాడు. అప్పుడు తన చేతులు కనిపించాయి. "ఇవి ఇలా ఎవరు పెట్టారు?"

"మిల్టన్ కూతురు ఇప్పుడే ఇటునుంచి వెళ్లింది."

ముసలాయన ముఖంలో రంగు మారింది. చేతులు తియ్యలేదు. మెల్లగా మళ్లీ వెనక్కి వాలాడు. "రస్టాడ్ వాళ్లు పొరపాటు చెయ్యరు ఆర్డిస్" అన్నాడు.

ఆ పూట నుంచి ఐవర్ మంచం దిగలేదు. కూర్చోమంటే కూర్చోడు, నడవమంటే నడవడు. రుబార్బ్ పై, అంటే పుల్లటి కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె, తెచ్చి పెడితే అటు తిరిగాడు. ఆ ఊళ్లో రుబార్బ్ పై వద్దన్నవాడి మీద ఎవరూ ఆశ పెట్టుకోరు. వచ్చినవాళ్లకి ఆస్తి పంచడం మొదలుపెట్టాడు. పడవ మోటారు చర్చికి, బూట్లు పోస్ట్‌మాన్‌కి, గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టే చెక్క గుడిసె పొరుగింటి లైల్‌కి. ఆ గుడిసె మీద లైల్‌కి ఇరవై ఏళ్లుగా కన్ను. తాళంచెవి చేతిలో పడేసరికి దుఃఖంతో ఆయన నోట మాట రాలేదు. నవ్వు మాత్రం రాబోయి ఆగింది.

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఎక్స్‌రే బాగుంది, జ్వరం లేదు. కానీ ఇలా పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో మళ్లీ నీరు చేరుతుంది. ఈసారి నిజంగానే ముంచుతుంది."

"డాక్టరుగారు చదువుకున్నారు, కాదనను" అన్నాడు ఐవర్ మర్యాదగా. "రస్టాడ్ వాళ్లు చూశారు."

డార్లా సిగ్నిని మందుల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఆయన్ని పడుకోబెట్టింది నువ్వు. లేపాల్సింది కూడా నువ్వే. శుక్రవారం నీ పని మీద నేను సంతకం పెట్టాలి. ఈ వార్డులో నిన్ను దగ్గరికి రానిచ్చేవాళ్లు ఇద్దరు, అందులో ఒకాయనకి చూపు లేదు. ఐవర్ లేవకపోతే నేను ఏమని రాసేది? రోగిని ముస్తాబు చేసి సాగనంపిందనా?"

"సంతకం పెట్టకపోతే?"

"కోర్సులోంచి పోతావు. నాకూ ఇష్టం లేదు. కానీ అబద్ధం రాయను."

"రాయొద్దు" అంది సిగ్ని. "శుక్రవారానికి లేపుతాను."

"ఇంకో మాట. పొద్దున్నుంచి నిన్ను చూస్తున్నాను. ఒక్క రోగిని ఒక్క ప్రశ్న అడగలేదు నువ్వు. తిప్పుతావు, తుడుస్తావు, దువ్వుతావు. మిమ్మల్నిలా తిప్పనా అని అడగవేం?"

ఇన్నేళ్లుగా సిగ్ని బల్లమీద ఉన్నవాళ్లు ఎవరూ జవాబు చెప్పలేదు. అడిగే అలవాటు ఎక్కణ్ణించి వస్తుంది?

ఆ సాయంత్రమే ఐవర్ దగ్గర కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పింది. "ఐవర్ గారూ, అది నా పాత అలవాటండీ. నా చేతులు నన్నడక్కుండా చేసేశాయి. మీకేమీ కాలేదు. క్షమించండి."

ఐవర్ ఆమె చెయ్యి తట్టాడు. "ఎంత బాగా చెప్పావమ్మాయ్. మా అన్న పోయిన రోజు మీ నాన్న కూడా ఇదే గొంతుతో మాట్లాడాడు. నాకు ధైర్యం వచ్చింది. ఎప్పుడనుకుంటున్నావు? ఆదివారంలోపేనా?"

మర్నాడు మళ్లీ చెప్పింది, ఇంకా నెమ్మదిగా. ఎంత నెమ్మదిగా చెబితే ముసలాయనకి నమ్మకం అంత గట్టిపడింది. దుఃఖంలో ఉన్న కుటుంబాల కోసం మూడు తరాలు తోమి తోమి నునుపు చేసిన గొంతు అది. అందులోంచి 'మీరు బతుకుతారు' అన్నా 'మీ ఆత్మకి శాంతి' అన్నట్టే వినిపించేది.

క్లాసు అయిపోయాక రమోనా తెరలో ఉండిపోయింది. "ఏమైంది, ముఖం వేలాడేశావు?"

సిగ్ని అంతా చెప్పింది. నవ్వి నవ్వి రమోనా గడిలోంచి కిందికి జారిపోయింది. మళ్లీ పైకి వచ్చి, "మా అమ్మమ్మ అయితే నాలుగు తిట్టి లేపేది. నువ్వెప్పుడైనా ఎవరినైనా తిట్టావా?" అని అడిగింది.

"మా ఇంట్లో తిట్టరు."

"మీ ఇంటికొచ్చేవాళ్లని తిడితే మాత్రం ఏం లాభంలే."

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే ఐవర్ ఫోన్ చేసి మిల్టన్‌ని పిలిపించుకున్నాడు. కీర్తన మార్చాలట, అంత్యక్రియల తర్వాత పెట్టే భోజనం మార్చాలట. మిల్టన్ నల్లకోటు, నల్లటోపీ వేసుకుని, చంకలో ఫైలుతో ఆసుపత్రి నడవాలోకి అడుగుపెట్టాడు. ఫిజియోథెరపీ వాళ్లు నెలరోజులు బతిమాలినా కాళ్లు కదపనివాళ్లు ఆ కోటుని చూసి చకచకా నడిచారు. ఒకాయన బాత్రూమ్‌లో దూరి గొళ్లెం పెట్టుకుని, లోపల్నుంచి "నేనిక్కడ లేను!" అని అరిచాడు. కట్టు విప్పకుండానే ఒకావిడ డిశ్చార్జి అడిగిందంటారు.

సిగ్ని నడిచేందుకు పట్టుకునే ఫ్రేము తీసుకుని పదకొండో గది గుమ్మంలోకి వచ్చేసరికి లోపల మాటలు సాగుతున్నాయి. ఆర్డిస్ మూల కుర్చీలో ముక్కు చీదుకుంటోంది. సిగ్ని వెనకాలే డార్లా, చేతిలో మార్కుల కాగితంతో.

"గుడ్డు సాండ్విచ్ వద్దు మిల్టన్. హామ్ పెట్టించు. గుడ్డు పెడితే జనం తొందరగా వెళ్లిపోతారు."

"హామ్" అని రాసుకున్నాడు మిల్టన్.

"కాఫీ పల్చగా పెట్టనివ్వకు."

"చిక్కగా."

ఐవర్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వే చెప్పు మిల్టన్. ఇన్నేళ్లు చూసినవాడివి. నా సంగతి ఎలా ఉంది?"

మిల్టన్ ఫైలు మూశాడు. మంచం కాళ్లవైపు వచ్చి నిలబడి, టోపీ తీసి, ఐవర్ని తలనుంచి పాదాల దాకా మెల్లగా చూశాడు. ఆ చూపు సిగ్నికి తెలుసు. భుజాల వెడల్పు దగ్గర ఒక క్షణం ఆగే చూపు అది. తండ్రి కావాలని చేస్తున్నాడని ఆమె అనుకోలేదు. నాలుగు రోజుల కిందట ఆమె చేతులు చేసిందే ఇవాళ ఆయన కళ్లు చేస్తున్నాయి. ఆయన తల కొంచెం పక్కకి వంచి, వెన్నలాంటి గొంతుతో, "ఐవర్, ఆ సమయం వచ్చినప్పుడు..." అని మొదలుపెట్టాడు.

"నాన్నా! చాలు!"

ఎవరు అరిచారో మొదట సిగ్నికే తెలియలేదు. గోడకున్న కేలండరు ఊగింది. ఆర్డిస్ చీదడం ఆపింది. నడవాలో కాఫీ యంత్రం కూడా ఒక్క క్షణం ఆగిందని చూసినవాళ్లు చెబుతారు.

"బయటికి నడవండి! ఈయన మీ మనిషి కాదు, నా పేషెంటు! ఐవర్ గారూ, మీక్కూడా చెబుతున్నాను! ఆ చేతులు ఛాతీ మీద నుంచి తియ్యండి! వాటినక్కడ పెట్టింది నేను, బుద్ధిలేక పెట్టాను, తప్పయిందని చెప్పాను, వినరేం? నాలుగు రోజులుగా నాతో వాదిస్తున్నారు! రుబార్బ్ పై వద్దు, నడక వద్దు, అది వద్దు, ఇది వద్దు! మా ఇంటికొచ్చినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు నాకు ఎదురు చెప్పలేదు! మీలాంటి మొండిఘటానికి మా దగ్గర చోటు లేదు!"

ఐవర్ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. చేతులు వాటంతటవే పక్కకి జారాయి.

"అరిచావే" అన్నాడు ఆశ్చర్యంగా.

"అరిచాను! మళ్లీ అరుస్తాను!"

"నా ముందే అరిచావు." ముసలాయన నుదురు ముడిపడింది. గాలానికి ఏ చేప పడిందో లాగకముందే తూచుకునే మనిషిలా ఆలోచించాడు. "మీవాళ్లు చావు ఉన్న గదిలో గొంతెత్తరు కదా. మిల్టన్, ఎత్తరు కదా?"

మిల్టన్ అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చాడు. కూతురి ముఖంలోకి చూశాడు. అంత ఎర్రగా, అంత చెమటతో, అంత ప్రాణంతో ఉన్న రస్టాడ్ ముఖాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆమె దారి వదల్లేదు, తల దించలేదు. ఆయనే పక్కకి జరిగాడు.

"మా తాత నాటినుంచి ఎత్తలేదు ఐవర్."

"అయితే ఈ గదిలో..."

"ఈ గదిలో నాకు పనిలేదు" అన్నాడు మిల్టన్. టోపీ పెట్టుకున్నాడు. "తల్లీ, నీ చోటు ఖాళీగా ఉంచానన్నాను కదా. అక్కడ ట్రిగ్‌ని సామాను పెట్టుకోమంటాను." ఆ మాటని మెత్తగానే అని వెళ్లిపోయాడు. కూతురు చెప్పిన చోటికి, బయటికి.

సిగ్ని మంచం పక్కకి వచ్చింది. ఫ్రేము ముందు పెట్టింది. వంగి ఆయన్ని చేతుల్లోకి తీసుకోబోయి ఆగింది. చేతులు వెనక్కి తీసుకుని అడిగింది.

"ఐవర్ గారూ, లేస్తారా?"

అడిగి ఊరుకుంది. జవాబు కోసం అలా నిలబడడం ఆమెకి కొత్త. ముసలాయన కిటికీ వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు, తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"లైల్ ఎక్కడున్నాడు?"

"నడవా చివర కుర్చీలో ఉన్నాడు. గుడిసె తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు."

"తిప్పుతున్నాడా!" ఐవర్ కాళ్లు మంచం కిందికి దిగాయి. "దొంగవెధవ! నేను చల్లబడేదాకా కూడా ఆగలేదన్నమాట!"

సిగ్ని ఆయన నడుముకి బెల్టు కట్టింది. ఆక్సిజన్ బండి ఒక చేత్తో, ముసలాయన బెల్టు ఇంకో చేత్తో పట్టుకుంది. మొదటి అడుగుకి మోకాళ్లు వణికాయి. "ఆగుదామా?" అని అడిగింది. "ఆగితే వాడు చేపలు పడతాడు" అన్నాడు. గుమ్మం దాటారు. నడవాలో రోగులందరూ తలుపుల దగ్గర నిలబడి చూస్తున్నారు; గొళ్లెం పెట్టుకున్నాయన కూడా బయటికి వచ్చాడు. సగం దారిలో ఐవర్‌కి ఆయాసం వచ్చింది. ఆమె కుర్చీ చూపించి, గోళ్ల రంగు చూసి, వేలికి యంత్రం తగిలించి అంకె చూసింది. "కాసేపు కూర్చుందాం. పెదవులు బిగించి గాలి వదలండి, వేడి టీ ఊదినట్టు." ఆయన ఊదాడు. మళ్లీ లేచాడు.

లైల్ లేచి నిలబడ్డాడు. ముఖంలో సంతోషం ఉండాలని చాలా ప్రయత్నించాడు.

"ఇలా ఇవ్వు" అన్నాడు ఐవర్ చెయ్యి చాపి.

"ఇచ్చిన వస్తువు తిరిగి అడగడం మర్యాద కాదు ఐవర్."

"మర్యాదలన్నీ పోయినవాళ్లకిరా. నేను మొండిఘటాన్ని, ఇప్పుడే సర్టిఫికెట్ వచ్చింది. ఇలా ఇవ్వు!"

తాళంచెవి చేతులు మారింది. ఐవర్ దాన్ని గుప్పిట్లో బిగించి, అక్కడే కుర్చీలో కూలబడి, "ఆర్డిస్, ఆ రుబార్బ్ పై ఎక్కడ పెట్టావే?" అని కేకేశాడు.

డార్లా గోడకి ఆనుకుని మార్కుల కాగితం మీద ఏదో రాస్తోంది.

"రోగిని చూడ్డానికి వచ్చినాయన మీద అరిచావు. తప్పు. రోగి మీద అరిచావు. ఇంకా పెద్ద తప్పు. మళ్లీ అలా చేస్తే నేనే బయటికి పంపిస్తాను. బెల్టు మర్చిపోయి ఉంటే ఇప్పుడే పంపించేదాన్ని. లేస్తారా అని అడిగావు. జవాబు వచ్చేదాకా ఆగావు. ఆయాసం ముందే కనిపెట్టావు." కలం ఆపి తలెత్తింది. "అరవడం ఏ పాఠంలో ఉంది?"

"మీరు రోజూ నామీద అరుస్తూ చెప్పే పాఠాల్లోనే."

డార్లా నవ్వు విని వార్డంతా బీపీ పెరిగింది. ఆ నవ్వుతోనే సంతకం పెట్టేసింది. "ఆరో గదిలో సోఫస్ లండీన్, ఇందాక బాత్రూమ్‌లో గొళ్లెం పెట్టుకున్నాయన, మంచం మీదికి చేరాడు. నిన్నే రమ్మంటున్నాడు. వెళ్లు. చెప్పులు ఈడవకు, చిరాగ్గా ఉంది."

సిగ్ని తన మామూలు నడకతో ఆరో గదికి వెళ్లింది. తలుపు దగ్గర ఆగి, తట్టి, "రావచ్చా?" అని అడిగింది.

కోర్సు మిగతా భాగం కూడా వాగు పారినట్టే పారింది. ఆమె ఈదింది, లైసెన్సు పరీక్ష గట్టెక్కింది, అదే వార్డులో ఉద్యోగంలో చేరింది. కానీ ఎల్మ్‌స్ట్రాండ్ జనం విషయాన్ని తమదైన తీరులో అర్థం చేసుకున్నారు. రస్టాడ్ వాళ్లు పోయేవాళ్ల ముందు గొంతెత్తరు. కాబట్టి రస్టాడ్ వాళ్లమ్మాయి ఎవరిమీద గొంతెత్తితే వాళ్లకి ఢోకా లేదు. ఎన్ని ఎక్స్‌రేలు చూపించినా ఈ లెక్కని డాక్టర్లు తిప్పలేకపోయారు. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు బల్లమీద పడుకున్నవాళ్లు తలెత్తి, "సిగ్ని డ్యూటీలో ఉందా? ఒకసారి వచ్చి తిట్టి పొమ్మనండి" అని అడగడం మామూలైపోయింది. మొదట్లో ఆమె తిట్టనని భీష్మించింది. ఇప్పుడు మత్తుమందు ఇచ్చే డాక్టరే వచ్చి బతిమాలుతున్నాడు. తిట్టు పడితే రోగి నిశ్చింతగా నిద్రపోతున్నాడట, మందు సగం సరిపోతోందట.

"ఏమని తిట్టమంటారండీ?" అని అడుగుతుంది ఆమె ప్రతి ఒక్కరినీ. అడక్కుండా ఎవరికీ ఏదీ చెయ్యదు.

"నీ ఇష్టమమ్మాయ్. గట్టిగా ఉంటే చాలు."

ఆమెకి జలుబు చేసి గొంతు బొంగురుపోయిన వారం ఆసుపత్రిలో ఆపరేషన్లన్నీ ఆగిపోయాయని ఊళ్లో చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. ఆగింది నాలుగే.